పుట్టగొడుగు దోమకు పేరు పెట్టిన పంతులుగారు

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో ప్రతి సంవత్సరం ఒక మహనీయుని జీవిత విశేషాలు రాయడం ఆనవాయితీగా వస్తోంది. అంబేద్కర్ గారి గురించి, జ్యోతిరావు ఫూలే గారి గురించి, జాషువా గారి గురించి మన సీనియర్లు చక్కగా రాశారు. ఈసారి సైన్సు చదువుతున్న మేము కొందరం కలిసి ఒక శాస్త్రవేత్త గురించి రాయాలనుకున్నాం. ఆయన పేరు యోహాన్ విల్‌హెల్మ్ మైగెన్. జర్మనీ దేశస్థుడు. ఈగలు, దోమల శాస్త్రానికి పితామహుడిగా ప్రపంచమంతా ఆయనను గౌరవిస్తుంది. మన పాఠ్యపుస్తకాల్లో ఆయన పేరు కనిపించదు గానీ, ఆయన పేరు పెట్టిన ఒక ఈగ గురించి చదవకుండా జీవశాస్త్రం ఎవరికీ పూర్తి కాదు. ఆ సంగతి తరువాత చెబుతాం.

మైగెన్ గారు విశ్వవిద్యాలయంలో చదవలేదు. బడికి వెళ్లింది కూడా కొద్దికాలమే. పిల్లలకు ఫ్రెంచి భాష, బొమ్మలు, పియానో నేర్పి పొట్ట పోసుకున్నారు. మిగిలిన సమయంలో, ఎవరూ పట్టించుకోని చిన్న చిన్న రెక్కల పురుగులను చూసి, వేటికి వాటిని వేరు చేసి, పేర్లు పెట్టి, ఇంకొకరు గుర్తుపట్టేలా వర్ణించారు. ఆయన జీవితమంతా ఇదే పని.

ఏమిటీ పుట్టగొడుగు దోమలు?

వర్షాకాలం వచ్చిందంటే స్టడీ అవర్‌లో ట్యూబ్‌లైటు చుట్టూ పురుగులు ముసురుతాయి. పుస్తకం మీద పడితే చేత్తో దులిపేస్తాం. అన్నిటినీ కలిపి పురుగులనో దోమలనో అనేస్తాం. కానీ దోమలా కనిపించేదల్లా కుట్టే దోమ కాదు. తడి నేలలోనూ, కుళ్లిన కట్టెల్లోనూ, పుట్టగొడుగుల్లోనూ పెరిగే ఒక రకం చిన్న దోమలున్నాయి. ఇంగ్లీషులో వాటిని ఫంగస్ నాట్స్ అంటారు. మనం పుట్టగొడుగు దోమలు అనుకుందాం. ఇవి కుట్టవు, రక్తం తాగవు. ఎక్కువ భాగం కొన్ని మిల్లీమీటర్ల పొడవే ఉంటాయి. వీపు గూనిలా పైకి లేచి ఉంటుంది. కాళ్లు సన్నగా పొడవుగా ఉంటాయి. డింభకాలు తెల్లగా, లోపలి పేగులు కూడా కనిపించేంత పలచగా ఉంటాయి. తల మాత్రం నల్లగా మెరుస్తుంది.

వీటిలో రెండు పెద్ద కుటుంబాలున్నాయి. మైసెటోఫిలిడే కుటుంబంలో 4,000కు పైగా జాతులు, సియారిడే కుటుంబంలో 2,500కు పైగా జాతులు ఇప్పటివరకు గుర్తించారు. సియారిడే దోమకు రెండు కళ్లూ మీసాల పైభాగాన సన్నని వంతెనలా కలిసి ఉంటాయి. రెక్క మధ్యలోని ఒక ఈనె చీలి, మన ఫిజిక్స్ ల్యాబులోని శృతిదండంలా కనిపిస్తుంది. ఈ రెండు కుటుంబాల పేర్లకూ మూలమైన మైసెటోఫిలా, సియారా అనే ప్రజాతుల పేర్లు పెట్టింది మైగెన్ గారే.

బాల్యం

మైగెన్ 1764 మే 3న జర్మనీలోని సోలింగెన్ పట్టణంలో జన్మించారు. కత్తులు, చాకుల తయారీకి ప్రసిద్ధి చెందిన ఊరది. ఎనిమిది మంది పిల్లల్లో ఆయన ఐదోవాడు. తల్లిదండ్రులకు ఒక చిన్న దుకాణం ఉండేది. తాతగారికి కొంత భూమి ఉండేది. ఆయన పోయిన తరువాత కుటుంబం ఆ భూమి మీదికి వెళ్లింది. కానీ అప్పటికే ఏడేళ్ల యుద్ధం వల్ల దాని మీద అప్పులు పేరుకుపోయాయి. పంటలు సరిగా పండలేదు. చివరికి భూమి అమ్ముకుని మళ్లీ సోలింగెన్ చేరారు. అప్పులకు పొలం పోవడమంటే ఏమిటో మన హాస్టల్లో చాలామందికి ఎవరూ విడమర్చి చెప్పనక్కరలేదు.

బడి చదువు పెద్దగా సాగకపోయినా చదివే అలవాటు మాత్రం ఆయనకు ఇంట్లోనే అబ్బింది. వాళ్లింట్లో అద్దెకున్న స్టామ్ అనే సర్వేయరు ఆ పిల్లవాడికి లెక్కలు నేర్పారు. బెర్గర్ అనే ఉపాధ్యాయుడు పియానో, చక్కని చేతిరాత, తరువాత ఫ్రెంచి భాష నేర్పారు. ఈయన చర్చిలో ఆర్గాన్ వాయించేవారు కూడా. 1779లో, అంటే 15 ఏళ్ల వయసులో, మైగెన్ ముల్‌హైమ్ అనే ఊళ్లో ఆ బెర్గర్ గారికే సహాయకుడిగా చేరారు. వరుసగా అమర్చిన సీతాకోకచిలుకల సేకరణను ఆయన మొదటిసారి చూసింది అక్కడే. పురుగులను పట్టడం, చెడిపోకుండా సూదికి గుచ్చి ఆరబెట్టడం అక్కడే నేర్చుకున్నారు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. స్టామ్ గారు నేర్పిన లెక్కలు, బెర్గర్ గారు నేర్పిన చేతిరాత, ఫ్రెంచి ఆ తరువాత ఆయన బతుకుతెరువుకూ పనికొచ్చాయి, శాస్త్రానికీ పనికొచ్చాయి. సాయంత్రం పూట ఒక గంట కూర్చోబెట్టుకుని చదువు చెప్పే పెద్దమనిషి దొరికితే ఒక పిల్లవాడి దారి ఎంత మారుతుందో మన హాస్టల్లో చదివి వెళ్లిన పూర్వ విద్యార్థులకు బాగా తెలుసు.

అందరూ వదిలేసిన పురుగులు

తరువాత ఆయన ఆఖెన్ పట్టణంలో పెల్జర్ అనే వర్తకుని ఇంట్లో పిల్లలకు చదువు చెప్పే పనిలో కుదిరారు. అక్కడ బౌమ్‌హౌయర్ అనే యువకునితో స్నేహం కలిసింది. ఆయన దగ్గర పెద్ద సీతాకోకచిలుకల సేకరణ ఉండేది. ఆ రోజుల్లో సీతాకోకచిలుకలను, పెంకు పురుగులను సేకరించేవారు చాలామంది. ఈగలు, దోమల జోలికి వచ్చేవారు తక్కువ. అవి అందంగా ఉండవు, తొందరగా పాడవుతాయి, ఒకదానికొకటి పోలికగా ఉంటాయి. మైగెన్ సరిగ్గా వాటినే ఎంచుకున్నారు.

పురుగులను గుర్తించడానికి ఆయన దగ్గర ఉన్న ఆధారం, లినేయస్ గ్రంథానికి వచ్చిన జర్మన్ అనువాదం. లినేయస్ 1758లో రెండు రెక్కల కీటకాలన్నిటినీ డిప్టెరా అనే క్రమంలో చేర్చి, కేవలం 10 ప్రజాతులుగా విభజించారు. పొడవు కాళ్ల దోమల్లాంటివన్నీ టిప్యులా అనే ఒక్క ప్రజాతిలో పడేవి. పుట్టగొడుగు దోమలు కూడా అందులోనే కలిసిపోయాయి. స్వీడన్‌కు చెందిన డి గీర్ అనే శాస్త్రవేత్త 1776లో ఒక పుట్టగొడుగు దోమను వర్ణించి టిప్యులా ఫంగోరమ్ అని పేరు పెట్టారు. చేతిలో ఉన్న పురుగును పుస్తకంతో పోల్చి చూస్తే ఒక్కొక్క వర్ణన ఎన్నో పురుగులకు సరిపోయేది.

మైగెన్ తన పెట్టెలోని పురుగులను మళ్లీ మళ్లీ భూతద్దంతో చూశారు. అప్పుడు ఆయనకు రెక్కల మీది ఈనెలు కనిపించాయి. ఒకే రకం పురుగులన్నిటికీ ఈనెలు ఒకే తీరుగా ఉంటాయి. వేరే రకానికి మరో తీరుగా ఉంటాయి. రావి ఆకు ఈనెలను చూసి రావి అని, మర్రి ఆకు ఈనెలను చూసి మర్రి అని చెప్పినట్టే, రెక్కను బట్టి దోమ ఏ గుంపుదో చెప్పవచ్చు. ఆ కాలపు మహాపండితుడు ఫాబ్రిసియస్ నోటి భాగాలను బట్టి కీటకాలను విభజించేవారు. ఇంత చిన్న దోమల నోటి భాగాలు చూడడం చాలా కష్టం. మైగెన్ రెక్కల ఈనెలు, మీసాలు, కాళ్లు, శరీరపు తీరు అన్నీ కలిపి చూశారు. ఈగలు, దోమల విషయంలో తరువాతి శాస్త్రవేత్తలు నడిచింది ఈ దారిలోనే.

రెండుసార్లు పెట్టిన పేర్లు

1800లో ఆయన మొదటి చిన్న పుస్తకం ఫ్రెంచి భాషలో పారిస్‌లో అచ్చయింది. లినేయస్ 10 ప్రజాతులు చేసిన చోట ఈయన 80కి పైగా ప్రజాతులు చూపించారు. పుట్టగొడుగు దోమల్లో ఒక గుంపుకు ఫంగివోరా, అంటే శిలీంధ్రాన్ని తినేది అని పేరు పెట్టారు. మరో గుంపుకు లైకోరియా అని పెట్టారు. కానీ ఆ పుస్తకంలో ఒక లోపం ఉంది. ఏ ప్రజాతిలో ఏ జాతులు వస్తాయో వాటి పేర్లు అందులో లేవు. దాంతో దాన్ని వాడుకోవడం ఇతరులకు కష్టమైంది. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

1803లో ఆయన అదే పనిని మరింత వివరంగా జర్మన్ భాషలో, ఇలిగర్ అనే శాస్త్రవేత్త నడిపే కీటకశాస్త్ర పత్రికలో ప్రచురించారు. ఈసారి జాతుల ఉదాహరణలు ఇచ్చారు, పేర్లు మార్చారు. ఫంగివోరా స్థానంలో మైసెటోఫిలా వచ్చింది. గ్రీకు భాషలో పుట్టగొడుగును ప్రేమించేది అని అర్థం. లైకోరియా స్థానంలో సియారా వచ్చింది. నీడ, చీకటి అనే అర్థమిచ్చే మాట నుంచి పుట్టిన పేరది. చాలా పొడవైన మీసాలున్న మరో దోమకు మాక్రోసెరా అన్నారు. పేరు వింటేనే పురుగు కళ్లకు కట్టాలన్నది ఆయన పద్ధతి. ఈ పేర్లు యూరప్ అంతా వాడుకలోకి వచ్చాయి.

పాఠాలు చెబుతూ రాసిన ఏడు సంపుటాలు

1790ల చివరి నుంచి మైగెన్ ఆఖెన్ దగ్గరలోని స్టోల్‌బర్గ్ అనే చిన్న పట్టణంలో స్థిరపడ్డారు. జీవితాంతం అక్కడే ఉన్నారు. ఫ్రెంచి, డ్రాయింగు, భూగోళం, చరిత్ర, పియానో ఏది అడిగితే అది నేర్పేవారు. తరువాత ఆ ఊరి వర్తక మండలిలో కార్యదర్శిగా కూడా పనిచేశారు. ఆ కాలం ప్రశాంతమైన కాలం కాదు. 1794లో ఆ ప్రాంతాన్ని ఫ్రెంచి సైన్యాలు ఆక్రమించాయి. 1815లో అది ప్రష్యా రాజ్యంలో కలిసింది. పాలకులు మారారు, నాణేలు మారాయి, యుద్ధాలు వచ్చిపోయాయి. పంతులుగారి బల్ల మీద దోమలు మాత్రం అలాగే ఉన్నాయి.

1818లో ఆయన మహాగ్రంథం మొదటి సంపుటం వెలువడింది. యూరప్‌లోని రెండు రెక్కల కీటకాలన్నిటినీ క్రమబద్ధంగా వర్ణించే గ్రంథమది. 1820, 1822, 1824, 1826, 1830 సంవత్సరాల్లో తరువాతి సంపుటాలు వచ్చాయి. ఏడవది 1838లో వచ్చింది. అప్పటికి ఆయనకు 74 ఏళ్లు. పుట్టగొడుగు దోమల వర్ణనలు మొదటి సంపుటంలో ఉన్నాయి. రెండు వేలకు పైగా కొత్త జాతులకు ఆయన పేర్లు పెట్టారు. బొమ్మలన్నీ తన చేత్తోనే వేసుకున్నారు.

ఆయన వర్ణన ఎలా ఉంటుందో చెబుతాం. మొదట లాటిన్‌లో రెండు మూడు పంక్తుల్లో ముఖ్య లక్షణాలు ఉంటాయి. తరువాత జర్మన్‌లో వివరంగా తల రంగు, మీసాల పొడవు, వీపు మీది చారలు, పొట్ట, కాళ్లు, రెక్క మీద మచ్చ ఉందా లేదా అన్నవి వరుసగా వస్తాయి. మగదో ఆడదో గుర్తు ఉంటుంది. ఎక్కడ దొరికింది, తాను స్వయంగా చూశారా, ఇంకొకరి సేకరణలో చూశారా అన్నది చెబుతారు. చివర పొడవు ఉంటుంది. అలంకారాలు ఉండవు. చూసింది చూసినట్టు రాయడమే ఆయన శైలి.

ఊరు దాటి ఎక్కువగా తిరగలేని ఉపాధ్యాయుడికి ఇన్ని పురుగులు ఎలా దొరికాయి? ఆయన పని చూసి ఇతరులు తమ సేకరణలను ఆయనకు అందించారు. కీల్ నగరంలో ప్రొఫెసరుగా ఉన్న వీడెమాన్, హాంబర్గ్‌కు చెందిన వింథెమ్ అలాంటివారు. పాత మిత్రుడు బౌమ్‌హౌయర్ కూడా తాను పట్టిన పురుగులు ఇచ్చారు. వీడెమాన్ యూరప్ బయటి జాతుల మీద గ్రంథం రాశారు, మైగెన్ యూరప్ జాతుల మీద రాశారు. డిగ్రీలున్న ప్రొఫెసరు, డిగ్రీ లేని పంతులు ఒకరి పనిని ఒకరు గౌరవించుకుంటూ సాగారు.

ఒక జాతిని వర్ణించడం అంటే

మైగెన్ వర్ణనలకు పరిమితులు లేకపోలేదు. రంగు, పొడవు, రెక్క ఒకేలా ఉన్నా వేర్వేరు జాతులైన దోమలు పుట్టగొడుగు దోమల్లో చాలా ఉన్నాయి. వాటిని విడదీయాలంటే మగ దోమ పొట్ట చివరనున్న భాగాలను చూడాలి. వాటిని పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో ఉంచి మెత్తటి కండను కరిగిస్తారు. మిగిలిన గట్టి భాగాన్ని గాజు స్లయిడు మీద పెట్టి మైక్రోస్కోపులో చూస్తారు. తాళం చెవుల్లా ప్రతి జాతికీ ఆ భాగాల ఆకారం వేరుగా ఉంటుంది. జర్మనీలోని క్రేఫెల్డ్ పట్టణానికి చెందిన వినర్ట్జ్ 1863లో పుట్టగొడుగు దోమల మీద, 1867లో సియారా గుంపు మీద ప్రత్యేక గ్రంథాలు రాశారు. ఇంగ్లండులో ఎడ్వర్డ్స్ 1925లో ఆ దేశపు పుట్టగొడుగు దోమల మీద పెద్ద రచన చేశారు. అందరూ మైగెన్ వేసిన పునాది మీదే కట్టారు.

ఇప్పుడు కొత్త జాతిని ప్రకటించాలంటే కొన్ని నియమాలున్నాయి. ఒక నమూనాను మూల నమూనాగా ప్రకటించి, మ్యూజియంలో భద్రపరిచి, ఎవరు అడిగినా చూసే వీలు కల్పించాలి. ఏ ఊళ్లో, ఏ తేదీన, ఎవరు పట్టారో దాని కింద చీటీ ఉండాలి. దగ్గరి జాతులతో ఉన్న తేడా స్పష్టంగా రాయాలి. చీటీ లేని పురుగు ఎంత అరుదైనదైనా దాని విలువ చాలావరకు పోయినట్టే.

ఇదంతా దేనికి అని కొందరు అడగవచ్చు. పుట్టగొడుగుల పెంపకం చేసే షెడ్లలో, మొక్కల నర్సరీల్లో కొన్ని సియారిడే దోమల డింభకాలు శిలీంధ్రపు దారాలను, లేత వేళ్లను తిని నష్టం చేస్తాయి. కానీ ఎన్నో జాతులు అడవిలో కుళ్లిన కట్టెను మట్టిగా మార్చే పనిలో పాలుపంచుకుంటాయి. ఏది ఏదో తెలియకపోతే మందు ఎక్కడ కొట్టాలో, ఎక్కడ మానాలో తెలియదు. పేరు తెలియనప్పుడు భయం కూడా పుడుతుంది. యూరప్ అడవుల్లో ఒక రకం దోమ డింభకాలు వేల సంఖ్యలో ఒకదానికొకటి అంటుకుని తాడులా నేల మీద పాకుతూ పోతాయి. యుద్ధం రాబోతోందనడానికి అది సూచన అని పల్లె జనం భయపడేవారు. 1868లో నోవిట్స్కీ అనే శాస్త్రవేత్త దానికి సియారా మిలిటారిస్ అని పేరు పెట్టారు. అపశకునం కాస్తా ఒక దోమ పిల్ల అని తేలింది.

ఆయన చూడని ఫలితాలు

న్యూజిలాండ్‌లో వైటోమో గుహలున్నాయి. వాటి పైకప్పు చీకట్లో నక్షత్రాల్లా మెరుస్తుంది. ఆ వెలుగు ఒక రకం పుట్టగొడుగు దోమ డింభకాలది. 1891లో స్క్యూజ్ దాన్ని వర్ణించినప్పుడు, 1818లో మైగెన్ ఏర్పరచిన బోలిటోఫిలా ప్రజాతిలోనే చేర్చారు. 1924లో ఎడ్వర్డ్స్ దానికి అరాక్నోకాంపా అనే వేరే ప్రజాతిని ఇచ్చారు. సియారా దోమల క్రోమోజోములను పరిశీలించిన హెలెన్ క్రౌస్ 1960లో, ఒక క్రోమోజోము తల్లి నుంచి వచ్చిందా తండ్రి నుంచి వచ్చిందా అన్న గుర్తు దాని మీద ఉంటుందని చెప్పారు. ఆ భావన ఇప్పుడు మానవ వైద్యంలో కూడా ముఖ్యమైంది.

మొదట్లో చెప్పిన ఈగ సంగతికి వద్దాం. 1830లో వచ్చిన ఆరవ సంపుటంలో మైగెన్ ఒక చిన్న ఈగను కొద్ది మాటల్లో వర్ణించి, నల్ల పొట్టది అనే అర్థంలో మెలనోగాస్టర్ అని పేరు పెట్టారు. అదే డ్రోసోఫిలా మెలనోగాస్టర్. 1910 నుంచి మోర్గాన్ దాని మీద చేసిన ప్రయోగాలు జన్యువులు క్రోమోజోముల మీద ఉంటాయని నిరూపించాయి. 1933లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

మన దేశంతోనూ ఈ కథకు సంబంధం ఉంది. బ్రిటిష్ ఇండియా జంతుజాలం గ్రంథమాలలో పుట్టగొడుగు దోమలున్న సంపుటం 1912లో వచ్చింది. రాసినవారు కలకత్తాలో నివసించిన బ్రునెట్టి. ఆయన వృత్తిరీత్యా సంగీతకారుడు.

చివరి రోజులు

దోమలతోపాటు సీతాకోకచిలుకల మీద, జర్మనీ మొక్కల మీద కూడా మైగెన్ పుస్తకాలు రాశారు. అయినా సంపన్నుడు కాలేదు. వృద్ధాప్యంలో, జీవితమంతా కూడబెట్టిన తన కీటకాల సేకరణను, చేత్తో రంగులు వేసిన చిత్రాలను పారిస్ మ్యూజియం వారికి అమ్మారు. అవి అక్కడ భద్రంగా ఉన్నాయి. 1970ల్లో ఆ చిత్రాలు అచ్చులోకి కూడా వచ్చాయి. 1845 జూలై 11న, 81 ఏళ్ల వయసులో, స్టోల్‌బర్గ్‌లో ఆయన కన్నుమూశారు. ఆయన తన గురించి రాసుకున్న విషయాలను ఆఖెన్‌కు చెందిన ఫోర్‌స్టర్ మరుసటి సంవత్సరం ప్రచురించారు. మనకు తెలిసిన ఆయన బాల్యం అలా దక్కినదే.

ఆయన పోయిన 63 ఏళ్లకు ఒక గొడవ వచ్చింది. అందరూ మరిచిపోయిన 1800 నాటి చిన్న పుస్తకాన్ని 1908లో హెండెల్ అనే శాస్త్రవేత్త మళ్లీ వెలుగులోకి తెచ్చారు. శాస్త్ర నియమం ప్రకారం ముందు పెట్టిన పేరే చెల్లాలి. దాంతో కొందరు ఫంగివోరా అని, కొందరు మైసెటోఫిలా అని రాయసాగారు. ఒకే దోమకు రెండు పేర్లు, రెండూ మైగెన్ గారివే. అర్ధశతాబ్దం ఈ తికమక నడిచింది. చివరికి 1963లో అంతర్జాతీయ జంతునామకరణ సంఘం 1800 నాటి పేర్లను పక్కన పెట్టి, లోకం వాడుకలో ఉన్న పేర్లనే ఖాయం చేసింది. పేరు పెట్టడంతోనే పని అయిపోదని, దాన్ని నలుగురూ వాడుకునేలా వివరం ఇవ్వాలని ఈ సంగతి చెబుతుంది.

మిత్రులారా, మైగెన్ జీవితం నుంచి మనం ఏం తీసుకోవాలి? కష్టపడితే పైకి వస్తాం అనే మాట మనకు రోజూ వినిపించేదే. అది నిజమే గానీ, ఇందులో ఇంకో సంగతి ఉంది. దూరం నుంచి చూస్తే అన్నీ ఒకేలా కనిపిస్తాయి. బయట చాలామంది మనల్ని కూడా హాస్టలోళ్లు అనే ఒక్క మాటతో తేల్చేస్తారు. ఎవరు ఏ ఊరి నుంచి వచ్చారో, ఎవరికి ఏమి వచ్చో, ఎవరు ఏమి మోస్తున్నారో వాళ్లకు కనబడదు. మైగెన్ ఒక దోమను కూడా అలా ఒక్క మాటతో తేల్చలేదు. దగ్గరికి తీసుకుని, దాని తేడా ఏమిటో చూసి, దాని సొంత పేరు దానికి ఇచ్చారు. దేన్నైనా సరిగా చూసి ఉన్నది ఉన్నట్టు రాయడం దానికి ఇచ్చే గౌరవమని మేము అనుకుంటున్నాం.

ఈ పనికి డబ్బు పెద్దగా అక్కర్లేదు. ఒక భూతద్దం, ఒక నోట్‌బుక్కు, ఓపిక చాలు. మన సైన్సు గ్రూపు ఈ సంవత్సరం నుంచి హాస్టల్ ఆవరణలో కనిపించే పురుగుల పుస్తకం ఒకటి మొదలుపెట్టాలని నిర్ణయించింది. తేదీ, చోటు, చూసినవారి పేరు, రెక్క బొమ్మ అందులో ఉంటాయి. పేరు తెలియని చోట ఖాళీ వదులుతాం, తెలిసినవారు వచ్చి నింపుతారు. ఆసక్తి ఉన్న తమ్ముళ్లు పేర్లు ఇవ్వండి. కాలేజీల్లో జంతుశాస్త్రం చదువుతున్న, చెబుతున్న అన్నలు సెలవుల్లో ఇటువైపు వచ్చినప్పుడు ఆ పుస్తకం ఒకసారి తిరగేసి, తప్పులు దిద్ది వెళ్లాలని మా మనవి.